తగ్గిందన్న మాట

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగోలేకపోవడానికి తీరిక లేదు.

మా కొట్టుకి ఏడాదంతా ఒక ఎత్తు, బళ్ళు తెరిచే ముందు రెండు నెలలూ ఒక ఎత్తు. ఎటు చూసినా తెల్ల చొక్కాలు, నీలం నిక్కర్లు, గుట్టలు గుట్టలుగా గుడ్డ. కూర్చోబోతే గుడ్డ, లేవబోతే గుడ్డ, తినే అన్నంలో కూడా దారప్పోగు. మా ఆయన్ని వీధి వీధంతా మాస్టర్ అంటుంది. పాఠాలు చెప్పే మాస్టర్ కాదు, కటింగ్ మాస్టర్. పెళ్ళయిన కొత్తలో వెక్కిరింపుగా నేనూ మాస్టర్ అన్నాను. అదే ఖాయమైపోయింది.

మాది ముగ్గురి పని. ఆయన కొలతలు తీసి గుడ్డ కోస్తాడు. నేను మిషన్ మీద కుడతాను. ఆయన అక్కయ్య, అంటే మా వదిన, కాజాలు తీసి గుండీలు వేస్తుంది. వదిన నోరు కూడా సూదిలాంటిదే, కానీ మనసు మంచిది. కత్తెర మాత్రం మా ఇద్దరిలో ఎవరం ముట్టుకోకూడదు. ఒకసారి పొరపాటున దాంతో కాగితం కోశానని మహానుభావుడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. కొలతలు తీసేటప్పుడు ఆయన గట్టిగా పిలుస్తాడు, నేను మిషన్ మీంచి తల ఎత్తకుండానే సుద్దముక్కతో గుడ్డ మూలన రాసేస్తాను. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆయన మొహం చూడక్కర్లేదు, గొంతు వింటే చాలు నాకు.

మొదట వచ్చింది కంటికి. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది, ఆయన గుడ్డ మీద గీతలు గీస్తున్నాడు.

"ఒసే, ఇలా రా. కంట్లో ఏదో పడింది."

మా పనిలో కంట్లో నూగు పడటం కొత్తేమీ కాదు. వెళ్ళి రెప్ప పైకెత్తి చూశాను. ఏమీ లేదు.

"మంటగా ఉందా?"

"మంట లేదు, నొప్పి లేదు. పైనుంచి నల్లటి తెర దించినట్టుంది. ఈ ఎడమ కన్ను తెరిచినా ఒకటే, మూసినా ఒకటే."

రుమాలు కొస తడిపి తుడిచాను. ఉఫ్, ఉఫ్ అని నాలుగుసార్లు ఊదాను. కాసేపయ్యేసరికి ఆయన కళ్ళు చికిలించి, "ఆ, పోయింది" అన్నాడు.

"చూశారా వదినా, నా నోటి మహిమ!" అన్నాను. నిజంగానే గర్వపడ్డాను మరి.

"నీ నోటికి ఎవరైనా పోవాల్సిందేలే" అంది వదిన. ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన మళ్ళీ సుద్దముక్క అందుకున్నాడు.

తర్వాత వారానికి కత్తెర కింద పడింది. కత్తెర పడితే మా కొట్లో అందరం ముందు కాళ్ళు చూసుకుంటాం, అంత బరువు దానిది. ఆయన మాత్రం కాళ్ళకేసి చూడలేదు. కుడిచెయ్యి ఎత్తి, అదెవరిదో అన్నట్టు చూస్తున్నాడు. వేళ్ళు వేలాడుతున్నాయి.

"తిమ్మిరి" అన్నాడు.

"పడదేంటి మరి? పొద్దుణ్ణుంచి ఆ ఇనప ముద్ద పట్టుకుని ఉంటివి" అంటూ వదిన లేచి వచ్చి, ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మోచేతి నుంచి వేళ్ళ దాకా పిసికింది. మణికట్టు దగ్గర మెలితిప్పింది. కాసేపటికి వేళ్ళు కదిలాయి. పిడికిలి బిగించి చూపించాడు.

"తగ్గిందిగా!" అంది వదిన, నా వంక చూస్తూ. ఆ రోజు మహిమ ఆవిడది. ఆ వారమంతా ఎవరికి ఏం నొప్పి అన్నా, "ఇలా పట్రా చెయ్యి" అనడమే.

నాకు మాత్రం ఎక్కడో చిన్న ములుకు. తిమ్మిరైతే సూదులు గుచ్చినట్టు ఉండాలి కదా, తిట్టుకోవాలి కదా. ఈయన తిమ్మిరి అన్నాడే కానీ ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆ చేతికేసి అలా చూశాడంతే. అడిగితే, "తగ్గిపోయిందిగా, ఇంకేంటి నీ గోల" అన్నాడు. పెరట్లోకి వెళ్ళి సిగరెట్టు వెలిగించాడు. రక్తపోటు మాత్రలు ఎప్పుడో మానేశాడు. అవి వేసుకుంటే తల తిరిగి గీత వంకరపోతుందట. గీత కోసం ప్రాణమైనా ఇచ్చేట్టున్నాడని అప్పట్లో ఎద్దేవా చేసేదాన్ని.

మూడోసారి మాటకి వచ్చింది. ఒకావిడ తన కొడుకుని తీసుకొచ్చింది, వాడు ఒక్క చోట నిలబడడు. మాస్టర్ వాణ్ణి గడ్డం పట్టుకుని నిలబెట్టి కొలతలు పిలుస్తున్నాడు.

"భుజం పదమూడు. చెయ్యి పదిహేడు. కిటికీ ఇరవై రెండు."

నా చేతిలో సుద్ద ఆగింది.

"ఏంటీ?"

"కిటికీ. కిటికీ ఇరవై రెండు, రాయి!" అని కసురుకున్నాడు.

పిల్లాడి తల్లి పకపకా నవ్వింది. "మా వాడి చొక్కాకి కిటికీ కూడా పెడతారా మాస్టారూ? మంచిదేలెండి, గాలాడుతుంది!"

వదిన నవ్వింది. పిల్లాడు ఎగిరెగిరి నవ్వాడు. నేను తల ఎత్తి ఆయన మొహం చూశాను. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకి తెలియడం లేదు. ఏదో చెప్పబోయి, పెదాలు కదిపి, ఊరుకున్నాడు. టేపు రెండు కొసలూ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

వాళ్ళు వెళ్ళేలోపే మాట దారికొచ్చింది. "నడుం అనబోయి ఏదో అన్నాను, ఎండదెబ్బ" అన్నాడు. వదిన మంచినీళ్ళు తెచ్చింది. కన్ను నేను ఊదితే తగ్గింది, చెయ్యి వదిన పిసికితే తగ్గింది. ఈ మాటని ఎవరూ ముట్టుకోలేదు. మరి ఇదెలా తగ్గింది? ఆ ప్రశ్న నా బుర్రలో పడ్డాక ఇక నాకు మిషన్ తొక్కబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే చెయ్యి పట్టుకుని ఎదురు వీధి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ తెల్ల కోట్లు మేమే కుడతాం. "ఏం మాస్టారూ, నా కోటు ఇవ్వడానికి ఇద్దరొచ్చారా?" అని నవ్వుతూ మొదలుపెట్టిందే కానీ, నేను చెప్తున్న కొద్దీ ఆ నవ్వు పోయింది. కన్ను గురించి రెండుసార్లు అడిగింది. ఏ కన్ను, ఏ చెయ్యి అని మళ్ళీ అడిగింది. తర్వాత చెవులకి గొట్టం తగిలించుకుని, గుండె మీద కాకుండా మెడ మీద, దవడ కింద ఎడమ పక్కన పెట్టింది. చాలాసేపు వింది. కుడి పక్కన విని, మళ్ళీ ఎడమ పక్కకే వచ్చింది.

"బుస్సు బుస్సుమంటోంది" అంది.

"మిషన్ చప్పుడేమోనండీ. మా ఇంట్లో గోడలు కూడా అలాగే అంటాయి" అన్నాడు మాస్టర్.

ఆవిడ నవ్వలేదు. "మెదడుకి నెత్తురు మోసే గొట్టాలు మెడలో ఈ పక్కొకటి, ఆ పక్కొకటి ఉంటాయి మాస్టారూ. మీ ఎడమ పక్క దాంట్లో కొవ్వు గడ్డకట్టి దారి ఇరుకైనట్టుంది. ఇరుకులోంచి నెత్తురు తోసుకుంటూ పోతుంటే వచ్చే చప్పుడు అది. ఆ గడ్డ మీంచి చిన్న చిన్న తునకలు ఊడి పైకి కొట్టుకుపోతున్నాయి. ఒకటి కంటికి పోయింది. ఇంకోటి మెదడులో చేతిని నడిపించే చోటికి, మరోటి మాట ఉండే చోటికి."

"తగ్గిపోయాయి కదండీ అన్నీ" అన్నాడాయన.

"నాకు భయం అదే. మీ ఆవిడ ఊదితే తగ్గలేదు, మీ అక్క పిసికితే తగ్గలేదు. తునక చిన్నది కాబట్టి అదే కరిగి దారి వదిలింది. తగ్గిందని మీరు ఊరుకుంటున్నారు. ఈసారి ఊడేది ఎంత ముక్కో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పెద్దదైతే పక్షవాతమే."

ఎక్కడ చూపించాలి, ఎప్పుడు వెళ్ళాలి అని నేను అడుగుతున్నాను. ఆయన మాత్రం గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు. బళ్ళు తెరిచే తేదీ లెక్కేస్తున్నాడని నాకు తెలుసు.

పెద్దాసుపత్రిలో మెడ మీద ఏదో జిగురు రాసి, తెర మీద చూశారు. ఎర్రగా, నీలంగా పారుతున్న నెత్తురు ఒక చోట దారంలా సన్నబడింది. పనికిమాలిన కుట్టు పడి గుడ్డ ఒక చోట ముడుచుకుపోతుందే, అలాగుంది. ఆపరేషన్ చేసే డాక్టరు చిన్నవాడు, మాటలో తొందర లేదు. ఈ వారంలోనే చేయాలన్నాడు. చెయ్యడంలోనూ కొంత ప్రమాదం ఉంది, చెయ్యకపోతే అంతకన్నా ఎక్కువ ఉందన్నాడు.

"ఏం చేస్తారు?" అన్నాడు మాస్టర్.

"మెడ మీద కోసి, గొట్టం తెరిచి, లోపల పేరుకున్నది తీసేసి, మళ్ళీ కుట్టేస్తాం. ఇరుకు కాకుండా చిన్న అతుకు కూడా వేస్తాం."

"అతుకా?" మాస్టర్ ముందుకి వంగాడు. "ఏ దారంతో కుడతారు?"

డాక్టరు చూపించాడు. వెంట్రుక కన్నా సన్నం. మాస్టర్ ఆ దారం వంకా, డాక్టరు వేళ్ళ వంకా చూసి తల ఊపాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను. బయటికి రాగానే, "బళ్ళు తెరవనీ, మర్నాడే వచ్చి పడుకుంటా. కుట్టు తెలిసినవాడే" అన్నాడు.

ఇక మొదలైంది మా ఇంట్లో రామాయణం. నేనొకటంటే ఆయన రెండన్నాడు. వదిన మధ్యలో, "మెడ కొయ్యడమేంటే తల్లీ, గుండ్రాయిలా తిరుగుతుంటే" అని ఏడుపు. మాత్రలైతే వేసుకున్నాడు, సిగరెట్టు దాచి తాగాడు. నేను రోజంతా కత్తెర చప్పుడు వింటూ మిషన్ తొక్కాను. కర్ర్, కర్ర్ అని ఆ చప్పుడు సాగుతుంటే ప్రాణం నిలబడేది. గీత మార్చడానికి ఆయన ఆగినా గుండె జారేది. నా దారం ఎన్నిసార్లు తెగిందో దేవుడికి ఎరుక.

ఒక సాయంత్రం నీళ్ళకని లోపలికెళ్ళి వచ్చేసరికి, వదిన నూనె గిన్నె పక్కన పెట్టుకుని ఆయన మెడ రెండు చేతులా పట్టుకుని పిసుకుతోంది. లోపల గడ్డ కట్టింది కదా, కరుగుతుందని ఆవిడ ఆశ.

"మెడ మీంచి చెయ్యి తియ్యండి వదినా!"

ఆవిడ మీద అంత గొంతెత్తడం అదే మొదలు. గిన్నె దొర్లి నూనె నేలంతా పాకింది, తెల్ల గుడ్డ ఒక తానుకి తగిలింది కూడా.

"నా తమ్ముడి మెడ నేను ముట్టుకోకూడదా?"

"ముట్టుకోకూడదు! మీరు నొక్కిన చోటే ఆ ముక్క ఉంది. ఊడిందంటే ఏం చేస్తారు? నా ఇల్లు ఏమైపోవాలి?" అంటూనే ఏడ్చేశాను. వదిన చేతులు నూనెతో అలాగే గాల్లో ఉండిపోయాయి. ఆవిడ మొహం పాలిపోయింది.

"మీ ఇద్దరి మధ్యా నా మెడ డాక్టరు దాకా వెళ్ళేట్టు లేదు" అన్నాడు మాస్టర్. నవ్వించాలని చూశాడు. ఎవరం నవ్వలేదు. కొంచెంసేపు నూనె అంటిన గుడ్డకేసి చూసి, "సరే, సోమవారం వెళ్దాం. అప్పటిదాకా నా మెడ జోలికి ఎవరూ రాకండి" అన్నాడు.

ఆ సోమవారం కోసం నేను చూసిన ఎదురుచూపు పగవాళ్ళకి కూడా వద్దు. బట్టలు సర్దాను. మాకు చొక్కాల పని ఇచ్చిన బడి పెద్దపంతులమ్మగారికి కబురు పెట్టాను, సగం పని వేరే కొట్టుకి ఇచ్చుకోమని. ఆవిడ మంచిది, "ముందు మనిషిని చూసుకో" అంది. అంతా సర్దుబాటయింది. శనివారం వచ్చింది.

శనివారం పొద్దున ఆయన కాఫీ బాగుందన్నాడు. ఎప్పుడూ అనడు. బల్ల మీద గుడ్డ ఎనిమిది మడతలు వేసి, చొక్కాల వీపు కోయడం మొదలెట్టాడు. నేను కాలర్లు కుడుతున్నాను. వదిన గుమ్మం దగ్గర కూర్చుని గుండీలు వేస్తోంది. కర్ర్, కర్ర్ అంటూ కత్తెర వెళ్తోంది.

ఆగింది.

గీత మారుస్తున్నాడేమో అనుకున్నాను. ఒక కాలరు తిప్పేంత సేపు ఆగాను. తల ఎత్తాను. కత్తెర గుడ్డ మధ్యలో నోరు తెరుచుకుని ఉంది. ఆయన బల్లకి ఒరిగి నిలబడ్డాడు, కుడిచెయ్యి పక్కకి జారిపోయింది. నన్ను చూసి నవ్వబోయినట్టున్నాడు. మూతి ఒక పక్కకే వెళ్ళింది.

"వదినా, ఎదురింటాయన్ని కారు తియ్యమనండి."

"ఆగవే, కాస్త ఆగు, కూర్చోబెట్టు. ఇందాకటి దాకా బాగానే ఉన్నాడు. మొన్న తగ్గలేదూ? ఇప్పుడూ తగ్గుతుంది..."

"తగ్గేదాకా నేనాగను. వెళ్ళండి!"

వెళ్ళింది. పాపం, చెప్పులు లేకుండా ఆ ఎండలో పరిగెత్తింది. నేను ఆయన్ని నడుం చుట్టూ పట్టుకుని, సగం మోస్తూ సగం ఈడుస్తూ గుమ్మం దాకా తెచ్చాను. దారి పొడుగునా తెల్ల గుడ్డ మా కాళ్ళకి చుట్టుకుంది.

ఆసుపత్రిలో ఎప్పుడు మొదలైందని పదేపదే అడిగారు. ఆలస్యం కాలేదు కాబట్టి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగాం, ప్రాణం దక్కింది, కాలు కూడా చాలావరకు దక్కుతుంది అన్నారు. చెయ్యి సంగతి, మాట సంగతి అడిగితే, "చూద్దాం" అన్నారు. డాక్టర్లు చూద్దాం అంటే ఏంటో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. కొన్ని రోజులు ఆగి ఆ చిన్న డాక్టరే మెడ తెరిచి, అతుకు వేశాడు. ఇంకో ముక్క ఊడకుండా. బాగా కుట్టాడు. ఆ కుట్టు చూసి మెచ్చుకోవాల్సిన మనిషి మాత్రం పై కప్పుకేసి చూస్తూ పడుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే మాట. "అదే."

నీళ్ళు కావాలంటే అదే. ఫ్యాను వెయ్యాలంటే అదే. నొప్పా అని అడిగితే అదే, కాదా అని అడిగితే అదే. మాట కోసం వెతుక్కునేటప్పుడు మనమందరం అనే మాటే. మనం అది దాటి ముందుకెళ్తాం, ఆయన అక్కడే ఆగిపోతున్నాడు. మాట నేర్పడానికి వచ్చే అమ్మాయి బొమ్మలు చూపించి పేర్లు చెప్పమనేది. పిల్లి బొమ్మకీ అదే, గొడుగు బొమ్మకీ అదే. చూడ్డానికి వచ్చినవాళ్ళు చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచేవాళ్ళు. "మాస్టారూ! గుర్తుపట్టారా!" ఒళ్ళు మండేది నాకు. ఆయనకి వినపడుతుందండీ, మెల్లగా మాట్లాడండి అనేదాన్ని. వినపడుతుందని నాకు తెలుసు. వినపడింది లోపల ఎక్కడికి చేరుతోందో మాత్రం తెలీదు.

ఒక రోజు వదిన ఉండబట్టలేక అడిగేసింది. "వాడికి అన్నీ తెలుస్తున్నాయంటావా? లోపల ఉన్నాడంటావా మన మాస్టర్?"

"ఉన్నాడు" అన్నాను. అబద్ధమేమో అని నాకే అనుమానం. చెయ్యి పోతే పోయింది, నేను ఉన్నాను. మాట పోయినా సరే, ఎలాగో సర్దుకుంటాం. కానీ గుడ్డని చూడగానే ఇది ఇలా పోవాలి, ఇక్కడ వంగాలి అని చెప్పే ఆ మనిషి లోపల లేకపోతే, నేను రోజూ స్నానం చేయించి, అన్నం పెట్టి, పడుకోబెడుతున్నది ఎవర్ని? ఈ ప్రశ్న మిషన్ మీద కూర్చున్నా, వంటగదిలో ఉన్నా నన్ను వదల్లేదు.

బళ్ళు తెరిచారు. వీధంతా వేరే కొట్టు చొక్కాలే. మా దగ్గర మిగిలిన కొన్ని ఆలస్యంగానైనా పర్లేదంది బడి పెద్దపంతులమ్మగారు. ఎవరో ఒకరు కొయ్యాలి కదా. బల్ల మీద గుడ్డ పరిచాను. అంతవరకూ ఆయన ముట్టుకోనివ్వని కత్తెర చేతిలోకి తీసుకున్నాను. బరువుకి మణికట్టు వాలింది.

వెనక నుంచి కాలు ఈడ్చిన చప్పుడు. ఆయన మంచం దిగి, గోడ పట్టుకుంటూ వచ్చాడు. వదిన పరిగెత్తబోతే కళ్ళతోనే ఆపాను. బల్ల దగ్గర స్టూలు మీద కూలబడ్డాడు. ఎడమచెయ్యి చాపాడు.

"అదే" అన్నాడు.

కత్తెర ఇచ్చాను. తోసేశాడు. టేపు ఇచ్చాను. దాన్నీ తోసేశాడు. సుద్దముక్క ఇచ్చాను. తీసుకున్నాడు.

గుడ్డ మీదికి వంగి, చొక్కాకి చెయ్యి అతికే చోట చంక గుండ్రం గీయడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో, ఊపిరి బిగబట్టి. కళ్ళు మూసుకుని గీసేవాడు ఒకప్పుడు. ఇప్పుడు సుద్ద ఒక చోట జారింది, ఒక చోట ఆగింది, భుజం దగ్గర వంకర తిరిగి, ఎక్కడికో బయటికి పోయింది. అది చంక కాదు, మరేదీ కాదు. వదిన మొహం పక్కకి తిప్పుకుంది.

చెరిపేసి సరిగ్గా గీసుకోవచ్చు నేను. ఆయన గీతల మీదే ఇన్నేళ్ళు కుట్టాను, ఆ గుండ్రం నాకు రాదా? కానీ ఆయన కళ్ళముందే ఆ గీత చెరిపితే, ఇక నువ్వు లేవు అని నా నోటితో చెప్పినట్టే. నా వల్ల కాలేదు. కత్తెర పెట్టి, గీత ఎటు పోతే అటు పోనిచ్చాను. జారిన చోట జారాను, వంకర తిరిగిన చోట తిరిగాను. మంచి గుడ్డ, కళ్ళెదుట పాడైపోయింది. చివరిదాకా కోసి, ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని ఎడమచేత్తో పైకెత్తి, గుమ్మంలోంచి వచ్చే వెలుతురుకి పట్టాడు. తిప్పి చూశాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. నా కుట్టు నచ్చనప్పుడల్లా చూసే ఆ చూపుతో నన్ను చూశాడు. పెదాలు బిగించాడు. మెడ మీద కొత్త కుట్టు పక్కన నరం పొంగింది. ఏదో లోపలినుంచి పైకి తోసుకొస్తోంది, రావడం లేదు. ముక్కని బల్ల మీద విసిరికొట్టాడు.

"త... త..."

నేను కదల్లేదు.

"తప్పు" అన్నాడు.

స్పష్టంగా, కోపంగా అన్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నోట సరిగ్గా వచ్చిన మొదటి మాట అది. వదిన గుమ్మంలో కూలబడి బావురుమంది. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. "అవును మాస్టర్, తప్పే" అని ఇంకో గుడ్డ తెచ్చి ఆయన ముందు పరిచాను.